పేజీల లెక్కన అమ్మను

ఏవండీ,

మీ సంవత్సరీకం అయిన మర్నాడే హైదరాబాదు నుంచి ఒక కంపెనీ మనిషి మన బందరు ఇంటికి వచ్చాడు. దివిసీమ ఉప్పెన మీద మీరు రాసిన నవలని ఇంటర్నెట్‌లో పెడతారట.

"పాఠకులు చదివిన పేజీలకే డబ్బు కడతారండీ. అందులో మీకు వాటా," అన్నాడు.

అవనిగడ్డలో మీ అక్కయ్య గుర్తొచ్చింది. ఉప్పెనలో బిడ్డని పోగొట్టుకున్న ఆవిడ, నీళ్ళొచ్చే అధ్యాయం దగ్గర ఆపేసి పుస్తకం ఒళ్ళో పెట్టుకుంది. ఆ తర్వాత ఒక్క పేజీ చదవలేదు. అయినా ఆ పుస్తకాన్ని ఎవరికీ ఇవ్వదు.

"మొత్తం పుస్తకానికి ఒకటే ధర పెట్టండి. చదవడం, ఆపడం కొన్నవాళ్ళ ఇష్టం," అన్నాను.

"మిగతా రచయితలందరూ ఒప్పుకున్నారండీ."

"నేను ఒప్పుకోను బాబూ."

కాఫీ తాగి వెళ్ళిపోయాడు. మీరుంటే మొహమాటానికి సంతకం పెట్టేసేవారు. నేను మాత్రం గుడివాడ ప్రెస్సుకి ఫోన్ చేసి, మళ్ళీ అచ్చు వేయమన్నాను.