నీలిముక్కు బాతు వెనకవైపు

చెల్లెమ్మ రౌషన్‌కు,

కాలం చేసిన మీ నాన్నగారు బడిలో చూపించి పాఠం చెప్పిన అడవిబాతుల బొమ్మకార్డుల్లో నా దగ్గర లేని నీలిముక్కు బాతును నువ్వు పంపావు. "వెనక నాన్న పెన్సిల్‌తో ఏదో రాశారు, సన్న అక్షరాలు నాకు ఆనవు, చదివి చెప్పు అన్నయ్యా," అన్నావు. నెల దాటినా జవాబు రాయలేకపోయాను.

నీ ఉత్తరం చదవకముందే, ఎప్పటి అలవాటు కొద్దీ, కార్డు వెనక ఉన్నదంతా రబ్బరుతో తుడిచేశాను. మా కార్డులు సేకరించేవాళ్లలో గీత పడని కార్డుకే విలువ. మా ఆవిడ టీ పోస్తూ, "బాతుకి స్నానం చేయించబోయి మనిషిని కడిగేశావు కదయ్యా," అంది.

నిన్న కార్డును కిటికీ వెలుగులో వాలుగా పట్టుకుంటే అక్షరాల నొక్కులు కనిపించాయి. ఆయన నొక్కి రాసే మనిషి. ఇక కార్డు ఏమైనా కానీ అని వెనకవైపంతా పెన్సిల్‌తో నల్లగా రుద్దాను. అక్షరాలు తెల్లగా తేలాయి.

"ఏప్రిల్ పద్దెనిమిది, టెంగిజ్ సరస్సు. నాకంటే ముందు రౌషనే గుర్తుపట్టింది. ఈసారి నేను ఓడినట్టు నటించలేదు."

ఇది ఇక నా సెట్టుకు పనికిరాదు, నీకే తిప్పి పంపుతున్నాను. కంటికి ఆనకపోతే వేలితో తడుముకో. తగులుతుంది.

నీ అన్నయ్య