మీట మీది బిళ్ల

మేనేజరు సామంత బాబుగారికి,

నిమాయి బావురీ చావు ఫొటోలు విచారణకు నలుపు తెలుపుల్లోనే ఇమ్మన్నారు. మన ఉక్కు మిల్లులో క్యాలెండరుకు రంగు, ప్రమాదాలకు నలుపు తెలుపు. పాతికేళ్లుగా నోరు మూసుకుని అలాగే తీశాను. ఆ రోజు మాత్రం క్యాలెండరు కోసం వచ్చాను. కెమెరాలో రంగు రీలుంది.

రోలర్లు అతన్ని భుజం దాకా లాక్కుని నలిపేశాయి. మిషను ఆపేసరికి అరుపు కూడా ఆగిపోయింది. అప్పుడే ఫొటో తీశాను. పక్కనే ఫోర్‌మన్ ఘటక్ గుమాస్తాతో, "ఆకుపచ్చ బిళ్లే ఉంది, రాసుకోండి. వీడే ఎగబడి చెయ్యి పెట్టాడు" అంటున్నాడు.

లోపల మనిషుంటే ఎవరూ మిషను నడపకుండా మీటకు ఎర్ర బిళ్ల తగిలిస్తారు, లేకుంటే ఆకుపచ్చది. నలుపు తెలుపుల్లో రెండూ ఒకే బూడిదరంగు. అది నాకెంత తెలుసో మీకూ అంతే తెలుసు. నా ఫొటోలో ఉన్నది ఎర్రది.

మీరడిగిన నలుపు తెలుపు ప్రింట్లు ఈ కవరులో ఉన్నాయి. రంగు ప్రింటు నిమాయి భార్య పుతుల్‌కి ఇచ్చాను. ఆమె రక్తం వైపు చూడలేదు. బిళ్ల మీద వేలు పెట్టి, "అన్నా, విచారణకు నన్ను రానిస్తారా?" అని అడిగింది.

నెగటివు పట్టుకుని ఆమెను విచారణకు నేనే తీసుకొస్తున్నాను.

ఇట్లు,
మీ మిల్లు ఫొటోగ్రాఫరు