చెప్పకుండా వెళ్ళినవాళ్ళు

ధర్మపురి,
18-9-2024

సౌభాగ్యవతి శివగామికి,

ఆశీస్సులు. క్షేమమని మొదలుపెట్టడం అలవాటు. కుట్లు మానాయి కాబట్టి అలాగే రాస్తున్నాను.

నువ్వు కాలు విరిగి వెల్లిచందైలో పుట్టింట్లో ఉన్నావని, ఆపరేషన్ అయి నేను కళ్ళు తెరిచినప్పటి నుంచి మీ తమ్ముడు రవిచంద్రన్ చెబుతున్నాడు. ఫోన్ చేస్తే, అక్క పండుకోనుంది బావా అంటాడు. అందుకే ఉత్తరం. తమిళ బడిలో చదివిన నీకు తెలుగు అక్షరాలు రావు. వాడికి నేను నేర్పాను కాబట్టి చదివి వినిపిస్తాడు.

అన్ననాళంలో క్యాన్సర్ ఉన్న భాగం తీసేసి, కడుపును పైకి లాగి కలిపారు. కొంచెం కొంచెంగా తినాలి. తిన్న వెంటనే పడుకోకూడదు. పక్కింటి మాదేశ్వరి రాగిముద్ద మెత్తగా చేసి తెస్తోంది. పెళ్ళైన కొత్తలో నేను ముద్ద నమిలితే నువ్వు నవ్వావు, మింగాలి గాని నమిలేదేమని. ఇప్పుడు నమలక తప్పదు. నిన్న నా చిన్ననాటి నేస్తం గోవిందసామి వచ్చి చూసి, ఏమిరా, ఈ వయసులో ముద్ద నమిలేది నేర్చినావా, మీ మామ చూస్తే కూతుర్ని పిలుచుకొని పోతాడు అన్నాడు. అని, ఎందుకో ఆగిపోయాడు. చెప్పులు వేసుకొని వెళ్ళిపోయాడు. మాదేశ్వరి కూడా గిన్నె తీసుకొని మాట లేకుండా వెళ్తుంది.

అసలు విషయం. ముందే కీమో, రేడియేషన్ ఇచ్చినా, ఆపరేషన్‌లో తీసిన ముక్కలో ఇంకా క్యాన్సర్ కణాలు ఉన్నాయట. తిరగబెట్టకుండా ఏడాది పాటు ఇమ్యునోథెరపీ మందు నరానికి ఎక్కించాలన్నాడు డాక్టర్. ఒంట్లో ఉన్న శక్తినే క్యాన్సర్ మీదికి లేపుతుందట. దగ్గు, ఆయాసం, విరేచనాలు వస్తే వెంటనే చెప్పాలట. ఇంట్లో ఎవరు కనిపెట్టుకొని ఉంటారని అడిగాడు. మా ఇంటామె ఉంది అన్నాను. రవి కిటికీ వైపు తిరిగాడు.

ఎక్కించుకుంటానని ఇంకా చెప్పలేదు. ఆలస్యం చేయవద్దంటున్నారు. నాకు భయం లేదు. ఆశా లేదు. గోడను చూస్తూ కూర్చుంటే పొద్దు పోతోంది. నువ్వు ఏమంటావో తెలుసు. ఊరికే కూసోని ఏం చేస్తావు, పోయి సూది వేయించుకోని రా అంటావు.

ఇంతే సంగతులు.

నీ
బాలసుందరం

తా.క.: రవీ, ఇది నీకు. మీ అక్క లేదని నాకు తెలుసు. ఆస్పత్రి నుంచి వచ్చాక నన్ను చూడడానికి వచ్చినవాళ్ళలో ఒక్కరూ వెళ్ళేటప్పుడు పోయొస్తామని అనలేదు. చావు జరిగిన ఇంట్లోనే ఆ మాట అనరు. కూర్చున్నంతసేపూ అందరూ అబద్ధం బాగానే చెప్పారు. గడప దాటేటప్పుడు ఎవరికీ చేతకాలేదు. నీకూ చేతకాలేదు. తెలిస్తే కోలుకోనని, మందుకు ఒప్పుకోనని దాచారు. కోపం లేదు.

ఎలా పోయిందో నాకు తెలియదు. వచ్చి చెప్పు. మట్టి చేసిన చోటికి తీసుకుపో. అక్కడి నుంచి ఆస్పత్రికి పోదాం, ఎక్కించుకుంటాను.

తర్వాత నన్ను ఇంట్లో దింపి, ఏమీ చెప్పకుండానే వెళ్ళు.