సీసం గొట్టం నీళ్లు

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పుంగనూరు బడిలో నీ తరగతికి ఇప్పుడు నేనే పాఠాలు చెబుతున్నాను. ఈ ఉత్తరం నీకు చేరదని తెలుసు, కానీ ఈ మాట ఇంకెవరికి చెప్పుకోను?

బడి కుళాయికి నీళ్లు తెచ్చే పాత సీసం గొట్టాన్ని ఇంకా మార్చలేదు. ఆ నీళ్లు పిల్లల మెదడుకు విషమని నువ్వు పరీక్ష చేయించి మరీ చెప్పావు. ప్రతి బడిలో నీళ్లు పరీక్షించి, ఇలాంటి గొట్టాలు తీసేయాలని చట్టం తెస్తానని మన ఎమ్మెల్యే నీకు మాటిచ్చాడు. నిన్న ఆయన బడికి వస్తే అడిగాను.

"బిల్లు ఈసారి కూడా సభకు రాలేదమ్మా. అందరూ రోడ్లే అడుగుతాండారు, నీళ్లను గురించి అడిగేవాళ్లు యాడుండారు?" అన్నాడు.

ఈ రోజు పొద్దున్నే కుళాయిని తీగతో కట్టేశాను. ఇంటి నుంచి ఆటోలో తెచ్చిన బిందెల నీళ్లు మధ్యాహ్నానికే అయిపోయాయి. ఎండకు పిల్లల నోళ్లు పిడచకట్టుకుపోయాయి. హెడ్‌మాస్టరు వచ్చి తీగ విప్పేశారు.

"యాల కట్టేసినావమ్మా? చట్టం వచ్చేదాకా పిల్లోళ్లు దప్పికతో ఉండాల్నా?" అన్నారు.

పిల్లలంతా కుళాయి మీద పడ్డారు. వాళ్లలో నీ కూతురు కూడా ఉంది. పరిగెత్తి దాని చెయ్యి పట్టుకున్నాను.

"వద్దు వసంతా. మీ అమ్మ ఏం చెప్పిందో గుర్తులేదా?"

"గుర్తుండాది చిన్నమ్మా. శానా దప్పికైతాండాది."

చెయ్యి వదిలేశాను అక్కా. అది దోసిలి పట్టి కడుపునిండా తాగింది.