కార్డు మీద హమీద్ చాచ ఫొటో

మంగళవారం, రాత్రి

మా వార్తల సైట్‌ల లింకు ఎవలు పంపినా, వాట్సాప్‌ల కనవడే కార్డు దానంతట అదే తయారైతదని నిన్న ఎంత మురిసిన! ఆ ప్రోగ్రామ్ రాసింది నేనే. పైన హెడ్డింగు, కింద పేజీల దొరికిన మొదటి ఫొటో. గంతే.

పొద్దుగాల పెట్టిన హెడ్డింగు: "పిల్లల్ని ఎత్తుకెళ్తున్నారు.. జాగ్రత్త!" ఆ పేజీల ఉన్నది ఒక్క హమీద్ చాచ ఫొటోనే. అంగడిల తప్పిపోయిన పాపను తల్లికి చాచనే అప్పజెప్పిండని వార్త చివర్ల మెచ్చుకుంట రాసినం. కార్డుకు గదంత ఏం తెలుసు? జాగ్రత్త అన్న మాట కింద చాచ నవ్వుకుంట నిలవడ్డడు.

పగటీలి చూసి మార్చిన. చొప్పదండి దిక్కు గ్రూపులల్లకు పోయిన పాత కార్డు మాత్రం మారదు. లింకు తెరిచి చదివేటోడెవడు?

చాచ బండి మీద ఊరూరు తిరిగి దుప్పట్లు అమ్ముతడు. ఇందాక ఫోన్ చేసి, "దొంగల వార్త మీద నీ ఫొటో పడ్డది చాచా, రేపు చొప్పదండి దిక్కు పోకు" అన్న. నవ్విండు.

"ఫికర్ చెయ్యకు బేటా. నేను తిరుగని ఊరున్నదా? నా ముఖం కనవడితే చాలు, ఊరంత ఉరికొస్తది."