యాదన్న చూపించిన జాగా

మంగళవారం

ఈ రోజు ఎల్బీనగర్ చౌరస్తా నుంచి మొదటిసారి డిష్ వ్యాన్ లేకుండా టీవీ లైవ్ ఇచ్చాను. కెమెరాకు వైరుతో కలిపిన ఫైవ్‌జీ బ్యాగే వీడియోను స్టూడియోకి పంపేస్తుంది. దాన్ని మోసింది మా వ్యాన్ డ్రైవర్ యాదన్న. ఇన్నేళ్లుగా, ఉపగ్రహానికి సిగ్నల్ పంపే డిష్‌కి అడ్డులేని ఆకాశం వెతికి వ్యాన్ ఆపడమే ఆయన పనితనం. అలవాటుకొద్దీ నన్ను మెట్రో వంతెన నీడలోంచి ఎండలోకి లాక్కొచ్చాడు.

"ఈడ నిలబడు బిడ్డా, పైన ఏం అడ్డం లేదు."

ఈ బ్యాగుకి ఆకాశంతో పనిలేదని చెప్పబోయి ఆగిపోయాను. మాడిపోతూనే మాట్లాడాను. లైవ్ ఒక్కసారి కూడా తెగలేదు.

"చూసినవా, జాగ ఎంత మంచిదో!" అని మురిసిపోయాడు.

మా ఛానల్ వాళ్లు వ్యాన్ అమ్మేస్తారట. ఆ మాట ఆయనకింకా ఎవరూ చెప్పలేదు.

రేపు వనస్థలిపురంలో లైవ్. ఆయన ఎక్కడ నిలబెడితే అక్కడే నిలబడతాను.