దించేసిన నాలుగు దిమ్మలు

సీతా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఇవాళ పొద్దున్నే రామతీర్థం వెళ్లి నీ మొక్కు తీర్చాను. టైఫాయిడ్ నుంచి మన పార్వతి బతికితే దాని ఎత్తు బెల్లం తూయిస్తానని రాముడికి మొక్కుకున్నావు కదా. "పిల్ల ఇంకాస్త ఒళ్లు సెయ్యనీ, సామికి ఎక్కువ బెల్లం అందుతాది" అంటూ నువ్వే వాయిదా వేశావు.

పద్నాలుగేళ్ల పిల్ల, ఏడాదిలో ఎదిగే ఉంటుందనుకున్నాను. నిరుడు నువ్వు గజపతినగరంలో గోగునార తూచే కాటా మీద దాన్ని తూయించిన బరువుకి రెండు బెల్లం దిమ్మలు ఎక్కువే కొన్నాను. పార్వతి తక్కెట్లో కూర్చుంటే బెల్లం తట్ట నేల విడవలేదు. ఆ రెండూ దించాను. "ఇంకా దించరా" అంది తోడొచ్చిన మా అక్క. మరో రెండు దించాక గాని ముల్లు నిలవలేదు. పిల్ల తలెత్తలేదు.

"ఆకలెయ్యట్లేదేటే?" అని ఎన్నిసార్లు అడిగానో. "ఆకలేస్తన్నాది నానా. తినాలని లేదు" అంటుంది. ఆ రెండూ వేరని నాకిప్పటిదాకా తెలీదు.

మధ్యాహ్నం ఇంటికొచ్చి నేనే కలిపి పెట్టాను. నాలుగు ముద్దలు తిని ఆపేసింది. చివరి ముద్ద నీలాగే పట్టుకుని, "ఇది అమ్మ ముద్ద. వదిలేస్తే అమ్మ సిక్కిపోతాది" అనేశాను. నువ్వు రోజూ అనే మాటే, నోటికి వచ్చేసింది.

పార్వతి నా వంక చూసింది.

"అమ్మ ఇంకేటి సిక్కిపోతాది నానా?" అని చెయ్యి కడిగేసుకుంది.

ఆ ముద్ద కంచంలో అలాగే ఉంది. తీసి పారెయ్యడానికి చేతులు రావడం లేదు.